ఎల్ఫ్ పక్షం వారికి, గొడ్డలి పక్షం నుంచి

విల్లు పట్టినవారికి, కొనదేరిన చెవులవారికి, గుహలో మూడు రోజులు తిరిగినా జుట్టు చెదరని వారందరికీ,

నమస్కారం.

సంధి కోసం రాస్తున్నానని పొరపడకండి. సంధి నాకు అక్కర్లేదు. ఇరవై ఏళ్లుగా, వీలున్న ప్రతి ఫాంటసీ ఆటలోనూ, మీరు కొనచెవుల ఎల్ఫ్ జాతిని ఎంచుకుంటే, నేను గడ్డాల పొట్టి జాతి డ్వార్ఫ్‌నే ఎంచుకుంటున్నాను. ఇరవై ఏళ్లుగా మీతో గొడవ పడుతూనే ఉన్నాను. ఆ గొడవ ఆగిపోతే నాకు ఆటలో సగం పోయినట్టే. మొన్నొక రాత్రి మీలో ఒకరు, "డ్వార్ఫ్‌ను ఎంచుకునేవాడి క్యారెక్టర్ మొత్తం ఒక పోస్టుకార్డులో పడుతుంది: గడ్డం, గొడ్డలి, సారాయి, పాత పగ" అని రాశారు. అది చదివి గదిలో ఒక్కణ్ణే కూర్చుని పెద్దగా నవ్వాను. తర్వాత నా క్యారెక్టర్ షీటు, అంటే పాత్ర అంకెలూ వివరాలూ రాసుకునే కాగితం, తీసి చూసుకున్నాను. నాలుగూ ఉన్నాయి. పోస్టుకార్డులో ఇంకా చోటు మిగిలింది కూడా.

అయినా ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది. అసలు కారణం కొంచెం ఆలస్యంగా చెబుతాను. అందులో మీ తప్పు కన్నా నా తప్పే ఎక్కువ కాబట్టి, దాని దగ్గరికి వెళ్లడానికి నాకు కాస్త ధైర్యం కావాలి. ఈలోగా పాత లెక్కలు తేల్చుకుందాం.

ఈ గొడవ మనం మొదలుపెట్టింది కాదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరూ ఒక పాత్రగా పాచికలు వేసి కథ నడిపే ఆటను తెచ్చిన రోజు నుంచే అందులో మీవాళ్లూ ఉన్నారు, మావాళ్లూ ఉన్నారు. 1978లో అడ్వాన్స్‌డ్ రూపానికి ఆటగాళ్ల పుస్తకం వచ్చింది. అందులో ఒక పట్టిక ఉంది. ఏ జాతికి ఏ జాతి అంటే ఎలా ఉంటుందో ఒక్కొక్క అక్షరంతో చూపే పట్టిక. ఇష్టానికి ఒక అక్షరం, సద్భావానికి ఒకటి, ఓర్చుకోవడానికి ఒకటి, ఏ భావమూ లేకపోతే ఒకటి, గిట్టకపోతే ఒకటి, ద్వేషానికి ఒకటి. డ్వార్ఫ్ వరస మీద వేలు పెట్టి జరుపుకుంటూ పోతే ఎల్ఫ్ గడిలో కనిపించేది 'గిట్టదు' అన్న అక్షరం. ఎల్ఫ్ వరస నుంచి మొదలుపెట్టినా చేరేది అక్కడికే. ద్వేషం మాత్రం కాదు సుమా. మావాళ్ల వరసలో ఆ అక్షరం సగం మనిషి, సగం ఓర్క్ రాక్షసుడు అయిన జాతి గడిలో ఉంది. మనకు దక్కింది ఒట్టి చిరాకు. ఆ పట్టిక వేసినవారెవరో మనల్ని బాగా ఎరిగినవారే అనిపిస్తుంది.

అదే పుస్తకం మాకు ఒంటి గట్టితనంలో ఒక అంకె కలిపి ఆకర్షణలో ఒకటి కోసింది. మీకు చురుకుదనంలో ఒకటి కలిపి గట్టితనంలో ఒకటి కోసింది. మేం మొరటు, మీరు సుకుమారం అని మనం ఒకరినొకరు అనుకునే మాట అలా అంకెల్లో అచ్చయింది. 1981లో కొత్తవారి కోసం వచ్చిన బేసిక్ పెట్టెలో అయితే ఎల్ఫ్ అనేదే ఒక క్లాసు, అంటే వృత్తి, డ్వార్ఫ్ అనేదే ఒక క్లాసు. ఎల్ఫ్‌గా పుడితే చాలు, చేసే పని వేరే చెప్పనక్కర్లేదు. ఆ పెట్టెలో మీవాడు రెండో లెవెల్ చేరాలంటే 4,000 అనుభవ పాయింట్లు కావాలి, మావాడికి 2,200 చాలు. కత్తీ మంత్రమూ రెండూ వచ్చినందుకు మీరు కట్టిన మూల్యం అది. ఆ రోజుల గురించి మీ పెద్దలు "మేం కష్టపడి ఎదిగాం" అంటుంటారు. నిజమే. మీకోసం దారిలో ఆగి ఆగి ఎదురు చూసింది మేమే కదా.

నడక సంగతి కూడా అనేస్తాను. 2014 నిబంధనల్లో మావాడు తన వంతు వచ్చినప్పుడు 25 అడుగులు నడుస్తాడు, మీవాడు 30. అయిదు అడుగుల తేడా మీద మీరు పదేళ్లు నవ్వారు. ప్రతి పోరాటంలో మీవాళ్లు ముందుకెళ్లి, వెనక్కి తిరిగి, "వస్తున్నారా?" అని అడగడం, మేం దాన్ని భరించడం. 2024లో వచ్చిన సవరణ మావాడికీ 30 ఇచ్చింది. ఆ పేజీని నేను చదవలేదు, దర్శించాను. మీలో ఒకరైనా అభినందించారా? "ఇప్పుడు పొట్టివాళ్లు కూడా పరిగెత్తుతారట" అన్నారు.

ఇంత దూరం వచ్చాక ఒక విషయం దాచడం ధర్మం కాదు. ఇన్నేళ్లుగా మా పక్షంలో ఎవరమూ బయట పెట్టని సంగతి ఇది. ఎల్డర్ స్క్రోల్స్ అనే కంప్యూటర్ ఆటల లోకంలో డ్వెమెర్ అని మాయమైపోయిన జాతి ఒకటి ఉంది. అక్కడి మనుషులు వారిని డ్వార్ఫ్‌లు అంటారు. వారి ఇత్తడి యంత్రాలు, ఆవిరి గొట్టాలు, భూమిలోపలి నగరాలు చూసి గర్వంతో నా ఛాతీ ఉప్పొంగేది. నాలుగు పుస్తకాలు తిరగేశాక తెలిసింది: డ్వెమెర్ కూడా ఎల్ఫ్‌లే. లోతుల్లో బతికిన ఎల్ఫ్‌లు. అంతటితో ఆగలేదు. ఆ లోకంలో ఓర్క్‌లు కూడా ఎల్ఫ్‌లే. ఆ రాత్రి నేను ఆట మూసేసి పడుకున్నాను.

పోనీ, అది ఎవరో ఆట తయారీదారుల కొంటెతనం అనుకుని మూలాల్లోకి వెళ్లాను. అక్కడ ఇంకా దారుణం. పదమూడో శతాబ్దంలో ఐస్‌లాండ్‌కు చెందిన స్నోర్రి స్టుర్లుసన్ పాత నార్స్ (స్కాండినేవియా) గాథలు రాసిపెట్టాడు. అందులో భయంకరమైన తోడేలును కట్టేయడానికి ఒక సంకెల కావలసి వస్తుంది. దేవతల పెద్ద ఓడిన్ ఆ పని మీద దూతను నల్ల ఎల్ఫ్‌ల లోకానికి పంపుతాడు. అక్కడ దాన్ని తయారు చేసి ఇచ్చేది ఎవరు? డ్వార్ఫ్‌లు. నల్ల ఎల్ఫ్‌లు, డ్వార్ఫ్‌లు ఒకరేనా వేరా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. వారి వాదన తెగేదాకా మనం బంధువులం కామని నేను గట్టిగా చెప్పలేను. ఈ పేరా చదివి మీరు ఎంత సంతోషిస్తారో ఊహించగలను. సంతోషించండి. రేపటి నుంచి మళ్లీ మామూలే.

జాతుల సంగతి అలా ఉంచితే, మనం రోజూ విసురుకునే మూస మాటల్లో ఎక్కువ క్లాసుల మీదివే. ధర్మవీరుడైన పాలడిన్ అంటే సొంత జట్టు మీదే కాపలా కాసేవాడు. దొంగ విద్యల రోగ్ అంటే స్నేహితుడి సంచిలో చెయ్యి పెట్టేవాడు. బార్బేరియన్ అంటే గొళ్లెం ఉందో లేదో చూడకుండా తలుపు బద్దలు కొట్టేవాడు. మంత్రగాడైన విజార్డ్ అంటే ఇరుకు గదిలో, మనవాళ్లు మధ్యలో ఉండగా, నిప్పు బంతి విసిరేవాడు. పాటలు పాడే బార్డ్ అంటే ఎదురైన ప్రతి ప్రాణితోనూ సరసం మొదలుపెట్టేవాడు, ఆ ప్రాణి డ్రాగన్ అయినా సరే.

నాకు ఈ మాటలంటే ఇష్టం. ఎందుకో చెబుతాను. వీటిలో చాలావాటికి పుట్టిన తేదీ ఉంది, కన్నతల్లి లాంటి ఒక నిబంధన ఉంది. పాలడిన్‌నే తీసుకోండి. 1975లో ఒక అనుబంధ పుస్తకంలో వచ్చాడు. 1978 నాటికి అతను కావాలంటే ఆకర్షణ కనీసం 17 ఉండాలన్నారు. మూడు పాచికలు నేరుగా వేస్తే 216 అవకాశాల్లో నాలుగింటికే 17 గానీ 18 గానీ పడుతుంది. అంత అదృష్టం ఉంటే తప్ప దొరకని పదవి, తెలిసి ఒక్క చెడ్డ పని చేస్తే ఊడిపోతుంది. అలాంటివాడు పక్కవాడు బందీని తన్నుతుంటే చూస్తూ ఊరుకుంటాడా? తన ఉద్యోగం కాపాడుకోవడానికి అందరికీ నీతులు చెప్పక తప్పదు. తర్వాతి ఎడిషన్లు ఆ ముడి విప్పేశాయి. పేరు మాత్రం మిగిలిపోయింది.

దొంగ, అంటే ఇప్పటి రోగ్, కూడా అదే 1975 పుస్తకంలో పుట్టాడు. త్వరలోనే అతని షీటు మీద జేబులు కొట్టే నైపుణ్యానికి ఒక గడి, అందులో నూటికి ఇంత అని ఒక అంకె వచ్చాయి. ఆలోచించండి. గుహలో ఎదురయ్యేవి జిగురు ముద్దలు, ఎముకల గూళ్లు, రాక్షస సాలీళ్లు. వాటిలో ఎన్నింటికి జేబులుంటాయి? జేబులున్నవాళ్లు పక్కన నడుస్తున్న స్నేహితులే. షీటు మీద ఒక అంకె కనిపిస్తుంటే దాన్ని వాడాలని ఎవరికి ఉండదు?

విజార్డ్ మీద నా కోపం వ్యక్తిగతం, ఇప్పటికి మూడు గడ్డాలు తగలబడ్డాయి. అయినా న్యాయంగా చెప్పాలి. పాత అడ్వాన్స్‌డ్ నిబంధనల్లో నిప్పు బంతి సుమారు 33,000 ఘనపుటడుగుల చోటు నింపేది. గది చిన్నదైతే మిగిలిన నిప్పు నడవలోకి, అంటే సరిగ్గా మనం నిలబడి "వేసెయ్, వేసెయ్" అని అరుస్తున్న చోటికి, తన్నుకొచ్చేది. లెక్క కట్టకుండా వేసిన విజార్డ్ వల్ల జట్టుకు జట్టే బూడిదైన కథలు పాత ఆటగాళ్లందరి దగ్గరా ఉన్నాయి. అలా పుట్టిన మాట అది.

ఇక బార్డ్. ఈ క్లాసు దగ్గర కాసేపు ఆగాలి. 1978 పుస్తకంలో బార్డ్ కావడం కన్నా కష్టమైన పని లేదు. అతన్ని చివర్లో అనుబంధంలో పెట్టారు. ముందు యోధుడిగా కొన్ని లెవెళ్లు ఎక్కాలి, తర్వాత దాన్ని వదిలి దొంగగా కొన్ని ఎక్కాలి, ఆ తర్వాతే అడవి పూజారులైన డ్రూయిడ్‌ల దగ్గర చేరి బార్డ్ కావాలి. అన్నీ నేర్చి, అన్నీ వదిలి, చివరికి పాట దగ్గరికి చేరినవాడు. 1989లో వచ్చిన రెండో ఎడిషన్ నుంచి అతను మొదటి లెవెల్‌లోనే దొరుకుతున్నాడు, 2000లో వచ్చిన మూడో ఎడిషన్ నుంచి అతని మంత్రాలు ఆకర్షణ అంకె మీద నడుస్తున్నాయి. మాటలతో ఒప్పించే పని కూడా అదే అంకెతో నడుస్తుంది. కనుక జట్టులో ఎవరు మాట్లాడాలన్నా అతన్నే ముందుకు తోస్తాం. ఇరవై ముఖాల పాచిక మీద 20 పడితే డ్రాగన్ కూడా కరిగిపోతుందని ఎవరో అంటారు. నిజానికి 2014 నిబంధనల ప్రకారం 20 పడితే తప్పకుండా తగిలేది దాడి మాత్రమే, మాటల పరీక్షకు ఆ హామీ లేదు. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 అనే కంప్యూటర్ ఆట ఆ హామీని మాటలకూ ఇచ్చేసింది. దానితో ఆరిపోతున్న వాదం మళ్లీ రాజుకుంది. ఈ వాదంలో మీ పక్షమూ మా పక్షమూ ఒకటే అయ్యాయి. బార్డ్ మీద నవ్వడానికి ఎల్ఫ్‌కూ డ్వార్ఫ్‌కూ తేడా ఏముంది?

పుట్టుక తెలిసిన హాస్యం నాకు నచ్చుతుందని అన్నాను. ఆ 1978 పుస్తకంలోనే ఇంకో అంకె ఉంది. దాన్ని చూసి మాత్రం నవ్వు రాదు. యోధులకు బలం 18 వచ్చాక అదనపు బలాన్ని వందో వంతుల్లో లెక్కించేవారు. మానవ పురుష పాత్రకు వంద దాకా పోవచ్చు. మానవ స్త్రీ పాత్ర అయితే 50 దగ్గర ఆగాలి. మంత్రాలూ డ్రాగన్లూ ఉన్న లోకంలో, ఊహకు హద్దు లేదని చెప్పిన పుస్తకంలో, ఆ ఒక్కచోట గీత గీశారు. 1989లో వచ్చిన రెండో ఎడిషన్ దాన్ని తీసేసింది. డ్వార్ఫ్‌కు ఆకర్షణ కోస్తే బాధపడటానికి బల్ల చుట్టూ నిజమైన డ్వార్ఫ్ ఎవరూ ఉండరు. ఈ అంకె అలాంటిది కాదు. షీటు దాటి, దాన్ని చేత్తో పట్టుకున్న మనిషిదాకా వచ్చేసింది.

మధ్యలో మన పెద్దల సంగతి. మీవైపూ ఉన్నారు, మావైపూ ఉన్నారు. ఎవరు మొదట ఏ ఎడిషన్ ఆడారో వారికి అదే అసలైనది. దానికి ముందుది మొరటు, తర్వాతది పిల్లలాట. 2008లో నాలుగో ఎడిషన్ వచ్చినప్పుడు "ఇది కంప్యూటర్ ఆట" అన్నారు. ఆ మరుసటి ఏడాది పాత్‌ఫైండర్ అనే పోటీ ఆట వస్తే సగం మంది అటు వెళ్లారు, మిగిలిన సగం వెళ్లినవారిని తిట్టారు. ఈ యుద్ధాలు చూడటానికి సరదాగానే ఉంటాయి. కానీ వీరిలో కొందరికి ఒక అలవాటు ఉంది. కొత్తవాడు కనిపిస్తే చాలు, "థాకో ఎలా లెక్క కడతారో చెప్పు" అంటారు. దెబ్బ తగలాలంటే పాచిక మీద ఎంత పడాలో కట్టే, కవచం అంకె తగ్గేకొద్దీ రక్షణ పెరిగే ఆ పాత లెక్క 2000లో మూడో ఎడిషన్‌తో పోయింది. నేను దానితోనే నేర్చుకున్నాను. ఒట్టేసి చెబుతున్నాను, అది తెలియడం వల్ల నాకు తీసివేతలు తప్ప వేరే ఏమీ రాలేదు.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆట ఆడినవారికి ఇంకో సంగతి గుర్తుండాలి. 2004లో మొదలైన ఆ ఆటలో అలయన్స్, హోర్డ్ అని రెండు పక్షాలు. అలయన్స్ అంటే చిన్నపిల్లలని హోర్డ్ వారు, హోర్డ్ అంటే లేని గాంభీర్యం తెచ్చిపెట్టుకున్నవారని అలయన్స్ వారు. తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా తయారీదారులు రెండు పక్షాల మాటలనూ కలగాపులగం చేసేశారు. అవతలివారు ఏం రాసినా మనకు అర్థం లేని అక్షరాలుగా కనిపించేది. అయితే హోర్డ్ వైపు ఎవరైనా నవ్వుకు గుర్తుగా 'లోల్' అని రాస్తే అలయన్స్ తెర మీద ప్రతిసారీ 'కెక్' అనే పడేది. కొన్నాళ్లకు అందరికీ తెలిసిపోయింది: కెక్ అంటే వాడు నవ్వుతున్నాడు. నేను ఒకసారి కొండ అంచు నుంచి కాలు జారి చచ్చాను. మా డ్వార్ఫ్ శవం పక్కకు ఒక హోర్డ్ యోధుడు వచ్చి నిలబడ్డాడు. చంపేందుకు ఏమీ మిగల్లేదు కాబట్టి కాసేపు చూసి, 'కెక్' అని, వంగి నమస్కరించి వెళ్లిపోయాడు. ఆ ఆటలో నాకు దొరికిన మంచి సంభాషణల్లో అదొకటి. 2022 నుంచి రెండు పక్షాలూ కలిసి డంజన్లనే రాక్షస గుహల్లోకి వెళ్లే వీలు కల్పించారు. మాటలు అర్థమవుతున్నాయి. గాయాలు మాన్పే హీలర్ ఎందుకు నిద్రపోయాడని, ముందు నిలబడి దెబ్బలు తినే ట్యాంక్, ట్యాంక్ ఎందుకు పరిగెత్తాడని హీలర్, హాయిగా ఒకే భాషలో తిట్టుకుంటున్నారు.

ఇక ధైర్యం కూడింది. అసలు సంగతి చెబుతాను.

కొన్ని వారాల కిందట మా ఆన్‌లైన్ బల్లకు ఒక కొత్త ఆటగత్తె వచ్చింది. అయిదుగురం, కెమెరాలు లేవు, గొంతులు మాత్రమే. మీ పక్షంవారు ఇద్దరు, నేను, విజార్డ్ ఆడే ఒక మిత్రుడు, ఆటను నడిపే డంజన్ మాస్టర్. ఆమె రెండు పేజీల కథ రాసుకుని తెచ్చింది. డంజన్ మాస్టర్ "మీ పాత్రను పరిచయం చేయండి" అన్నారు. "బార్డ్" అంది ఆమె. ఆ ఒక్క మాట తర్వాత ఇంకేదో చెప్పబోతోంది.

మీ పక్షం మొదటివారు, "అయితే ఈ ఊళ్లో సత్రం యజమానిని ముందే హెచ్చరించాలి" అన్నారు. విజార్డ్, "యజమానినే ఎందుకు, గుర్రాలను కూడా" అన్నాడు. మూడో మాట నాది. దాన్ని ఇక్కడ రాయను. రాస్తే మీలో కొందరు నవ్వుతారు, నాకది ఇష్టం లేదు. నాలుగోది మళ్లీ మీ పక్షం నుంచి వచ్చింది. అయిదు నిమిషాలు అందరం పగలబడి నవ్వాం. ఆమె పేరు పక్కన మైకు గుర్తు ఒకసారి వెలిగి, ఆరింది. నవ్వు ఆగాక డంజన్ మాస్టర్ "ఇంకేమైనా చెబుతారా?" అని అడిగారు. "లేదు, మొదలుపెడదాం" అంది. ఆ రాత్రంతా ఆమె దాదాపు మాట్లాడలేదు. సిగ్గరి అనుకున్నాం.

తర్వాతి వారం ఆమె యోధురాలితో వచ్చింది. పేరేమిటని అడిగితే "ఇంకా పెట్టలేదు" అంది. కథ ఏమిటంటే "కథ లేదు, కత్తి ఉంది" అంది. అందరం మళ్లీ నవ్వాం, మంచి హాస్యం తెలిసిన మనిషని మెచ్చుకున్నాం. మూడో వారం రాలేదు.

ఆమె పంపిన ఆ రెండు పేజీలు డంజన్ మాస్టర్ దగ్గర ఉండిపోయాయి. అడిగి తీసుకుని చదివాను. ఆమె బార్డ్ పాడదు. మాట్లాడదు కూడా. రాజు ఆజ్ఞలను డోలు కొట్టి ఊరూరా చాటింపు వేసే మనిషి. ఒకరోజు రాజు అబద్ధపు చాటింపు వేయించాడు, దాన్ని నమ్మి ఒక ఊరంతా తలుపులు తెరిచి నశించిపోయింది. ఆ అబద్ధం పలికిన గొంతు మర్నాటికి మూగబోయింది. అప్పటి నుంచి డోలుతోనే మాట్లాడుతుంది. ఒక దెబ్బ అంటే కాదు, రెండు అంటే అవును, మూడు అంటే "నన్ను నమ్మకండి". రెండో పేజీ చివర చిన్న అక్షరాల్లో రాసుకుంది: "ఆట ముగిసేలోపు ఒక్క వాక్యం గట్టిగా పలకాలి. ఏ వాక్యమో ఇంకా తెలియదు."

ఇరవై ఏళ్లలో నేను రాసుకున్న డ్వార్ఫ్‌లందరినీ పక్కన పెట్టి చూసుకున్నాను. వారిలో ఎవరికీ ఇలాంటి ఒక్క వాక్యం లేదు. గడ్డం, గొడ్డలి, సారాయి, పాత పగ.

మీకూ నాకూ మధ్య నడిచే గొడవకూ ఆ రాత్రి జరిగినదానికీ తేడా ఏమిటని చాలా ఆలోచించాను. మాటల్లో తేడా లేదు. మీరు నన్ను అన్నవి అంతకన్నా ఘాటుగా ఉంటాయి. కానీ మీరు ఒకటి అంటే నా దగ్గర పది సిద్ధంగా ఉంటాయి. నేను తిరిగి అనాలనే మీరు అంటారు. అనకపోతే "ఒంట్లో బాగాలేదా?" అని అడుగుతారు. ఒకసారి నిజంగానే అడిగారు, నిజంగానే నాకు జ్వరం. మన గొడవకు ఇరవై ఏళ్ల వడ్డీ ఉంది. ఆమె వచ్చి ఇరవై నిమిషాలైనా కాలేదు. తిరిగి అనడానికి ఆమె దగ్గర ఏముంది? మా అందరికీ వంద సార్లు పేలిన జోకు అది. ఆమెకు మొదటిసారి. అదీ తన నోట్లో ఇంకా పూర్తికాని వాక్యం మీద.

"ఆ మాత్రం తట్టుకోలేకపోతే ఎలా?" అని మీలో కొందరు అంటారని తెలుసు. మా పక్షంలో ఒకాయన అప్పుడే అన్నాడు. ఆయన పదిహేనేళ్ల కిందట తన పాలడిన్‌ను ఎవరో "పోలీసు" అన్నారని ఆ బల్ల మానేసిన మనిషి. ఇప్పటికీ ఆ కథ చెబుతాడు. పేరు చెప్పను, చదివితే ఆయనకే తెలుస్తుంది.

కాబట్టి ఎల్ఫ్ పక్షం మిత్రులారా, మిమ్మల్ని అడిగేది పెద్ద పనేమీ కాదు. కొత్తగా వచ్చినవారు తమ పాత్ర గురించి చెప్పడం పూర్తి చేసేదాకా నోరు కట్టుకుందాం. మీరూ, ముఖ్యంగా నేనూ. రెండు పేజీలైతే రెండు పేజీలు. మధ్యలో నోరు దురద పెడితే నన్ను అనండి, నేను అక్కడే ఉంటాను, గడ్డం ఎటూ పోదు. నాకు దురద పెడితే మీ చెవులున్నాయి. పదో వారం నాటికి ఆమే మనల్ని అనడం మొదలుపెడుతుంది, అప్పుడు ఆమెతోనూ దెబ్బకు దెబ్బ. థాకో అడిగే పెద్దలకు మీవైపు మీరు చెప్పండి, మావైపు నేను చెబుతాను. మావాళ్లు వినరు, మీవాళ్లూ వినరు. అయినా చెప్పినట్టు ఉంటుంది.

ఆమెకు నేను ఉత్తరం రాశాను. క్షమించమన్నాను, రెండు పేజీలూ చదివానని చెప్పాను, ఏ వాక్యమో తెలుసుకోవాలని ఉందన్నాను. మూడు రోజులు జవాబు లేదు. నాలుగో రోజు వచ్చింది. క్షమాపణ గురించి ఏమీ లేదు. నిబంధనల గురించి ఒక ప్రశ్న ఉంది. "నా బార్డ్ మనిషి. చీకట్లో కనపడదు. డోలు వాయించాలంటే రెండు చేతులూ కావాలి. మరి దివిటీ ఎవరు పట్టుకుంటారు?"

ఇది మనిద్దరం తేల్చుకోవలసిన సంగతి. మీవాడికీ మావాడికీ చీకట్లో కూడా కనిపిస్తుంది, కనుక ఇన్నేళ్లూ మనం దివిటీ కొనలేదు. మనిషిని తెచ్చుకున్న ప్రతిసారీ "నీవల్ల శత్రువులకు కనిపించిపోతున్నాం" అని సణిగాం. దివిటీ పుస్తకంలో ఒక్క రాగి నాణెం. గంటసేపు మండుతుంది, ఇరవై అడుగుల మేర మంచి వెలుగు, ఇంకో ఇరవై మసక వెలుగు. దాన్ని పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలి. విల్లుకు రెండు చేతులు కావాలని మీరు అంటారు. నాకు ఒక చేతిలో గొడ్డలి, రెండో చేతిలో డాలు ఉన్నాయని నేను అంటాను. డాలు తీసేస్తే నా కవచం అంకె రెండు తగ్గుతుంది. మీ వీపున విల్లు వేలాడదీస్తే మీకు తగ్గేది అందం తప్ప ఏముంది? విజార్డ్‌కు ఇవ్వవచ్చు కానీ, వాడి చేతికి నిప్పు ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

అందుకని పది దివిటీలు కొన్నాను, నా సొంత రాగి నాణేలతోనే. గంటకొకరు చొప్పున పట్టుకుందాం. మొదటి గంట మీది.

ఇట్లు,
వెనక వస్తున్న గొడ్డలి పక్షం వాడు